నకలు చెరగడం లేదు

పళ్ల డాక్టరు తన క్లినిక్ మెట్లెక్కుతూ మూడో మెట్టు మీద చచ్చిపోయాడు. టైము ఉదయం తొమ్మిదీ పది. చేతిలో తాళంచెవుల గుత్తి, చంకలో గొడుగు. వెనకాల వస్తున్న నీలం కోటు మనిషి, మడిచిన న్యూస్‌పేపర్లో దాచిన సైలెన్సర్ పిస్టల్‌ని రెండుసార్లు పేల్చాడు. పేపర్ని చెత్తబుట్టలో వేసి, అప్పుడే వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయాడు. పైమెట్టు మీద ఎదురుచూస్తున్న పేషెంటు, డాక్టరు కాలు జారి పడ్డాడనుకుని చెయ్యి కూడా అందించింది.

ఇది సరిహద్దుకి అవతల జరిగింది. ఇరవై నిమిషాల్లో ఆ కబురు ఇవతల పరుపుల కంపెనీకి చేరింది.

పరుపుల కంపెనీ అనేది పైకి కనిపించే బోర్డు. కింద షోరూమ్‌లో నిజంగానే పరుపులు అమ్ముతారు, కొన్నవాళ్లు హాయిగా నిద్రపోతారు కూడా. పైన మూడంతస్తుల్లో పనిచేసే అరవై మందికి మాత్రం ఆ భాగ్యం లేదు. వాళ్లంతా గూఢచారి శాఖ మనుషులు. శాఖ పెద్దని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గదిలో సోఫా బదులు రెండు శాంపిల్ పరుపులు ఒకదాని మీద ఒకటి వేసుంటాయి. ఆ ఉదయం వాటి మీద కూర్చున్న మనిషి పేరు గోడ.

గోడకు చెవులుంటాయంటారు. ఇతనికీ ఉన్నాయి, మంచివే. నోరు మాత్రం అవసరానికి తప్ప లేవదు. ఏ కబురు విన్నా ముఖం సున్నం వేసిన గోడలాగే ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పదకొండేళ్లుగా ఫీల్డ్ ఏజెంటు. రికార్డుల ప్రకారం ఇంకా వేరే దేశంలోనే ఉన్నాడు.

"డాక్టరు పోయాడు," అన్నాడు పెద్దాయన.

"ఎప్పుడు?"

"అరగంటైంది. రెండు బుల్లెట్లు, వీపులో."

గోడ తలూపాడు. డాక్టర్ని ఈ పనిలోకి దింపింది తనే. ఆయన ఇంట్లో నాలుగుసార్లు భోంచేశాడు, చిన్న కూతురికి సైకిల్ నేర్పాడు. ఇప్పుడు లోపల ఎక్కడో కలుక్కుమనాలి. అనలేదు. పంటికి మత్తు సూది వేశాక నాలుకతో తడిమితే, పన్నుందని తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. అతనికి అన్నీ అలా అయిపోయి చాలా కాలమైంది.

"క్రితం బుధవారం లిఫ్ట్ మెకానిక్కు. ఈ బుధవారం డాక్టరు," పెద్దాయన వేళ్లు మడిచాడు. "రిజిస్టర్లో పన్నెండు మంది. రెండు వారాల్లో ఇద్దరు అవుట్. ఇది కాకతాళీయమంటే నేను పరుపులమ్ముకోవడమే మేలు."

రిజిస్టర్ అంటే అవతల ఉన్న తమ మనుషుల జాబితా. మనిషికో పేజీ. ప్రతి పేజీకీ సొంత తాళం. వారానికి ఒక్కరు, బుధవారం నాడు, అవతల నుంచి ఫోన్ చేసి క్షేమంగా ఉన్నామని చెప్పాలి. ఆ ఒక్కరి పేజీయే ఆ గంటసేపూ తెరుచుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ పన్నెండు వారాల దాకా దాని వైపు ఎవరూ చూడరు.

"అవతలి గూఢచారి ముఠాకి మన బిల్డింగ్‌లోనే మనిషున్నాడు. కోడ్‌నేమ్ తోటమాలి. సెంటు తెచ్చిన కబురు," అన్నాడు పెద్దాయన.

సెంటు అంటే శాఖ డబుల్ ఏజెంటు. ఆమె మెట్ల మలుపు దగ్గరుండగానే ఆమె సెంటు వాసన గదిలోకి వచ్చి కూర్చుంటుంది. ఆరేళ్లుగా శాఖ రహస్యాలు అమ్ముతున్నట్టు ముఠాని నమ్మించి, వాళ్ల రహస్యాలు ఇక్కడికి తెస్తోంది. ఒకసారి ఒక సముద్రం ఒడ్డు హోటల్లో ఆమే గోడా మొగుడూ పెళ్లాల వేషంలో మూడు వారాలున్నారు. వేషం తీసేశాక కూడా ఓ వారం అలాగే ఉన్నారు. ఆ మాట ఏ ఫైల్లోనూ లేదు.

"నువ్వు వచ్చినట్టు నాకూ, గ్యాడ్జెట్ సెక్షన్‌కీ తప్ప ఎవరికీ తెలీదు. సెంటుక్కూడా. రిజిస్టర్ ఉన్న సర్వర్ ముట్టుకునేది మాస్టారొక్కడే. వెళ్లి ఆయన్ని చూడు," అన్నాడు పెద్దాయన. గొంతు తగ్గించి, "ఇవ్వాళ పన్నెండో పేజీ వంతు," అన్నాడు.

గోడకు ఆ సంగతి తెలుసు. పన్నెండో పేజీ అతని అక్కది.

అక్క అతనికంటే తొమ్మిదేళ్లు పెద్ద. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. అవతల లాండ్రీ నడుపుకుంటుంటే గోడే వెళ్లి ఈ పనికి ఒప్పించాడు. పెద్ద పెద్ద ఆఫీసర్ల యూనిఫాంలు ఆమె దగ్గరికే ఉతుక్కి వస్తాయి మరి. 'నువ్వడిగితే ఎప్పుడైనా కాదన్నానట్రా?' అంది అక్క, అంతే. ఆమె ఎవరో పెద్దాయనకీ గోడకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

"ఇవ్వాళ్టి ఫోన్ ఆపేస్తే?" అని అడిగాడు గోడ.

"మనం ఆమెకి ఫోన్ చెయ్యలేం. ఆమె చేసినప్పుడు ఎత్తకపోతే, ప్రమాదమని అర్థం. ఉన్న పళంగా అడవి దారి పట్టాలి. ఈ చలిలో, ఆ వయసులో సరిహద్దు దాటగలదా? ఎత్తడమే మంచిది."

గ్యాడ్జెట్ సెక్షన్ వాళ్లు అతనికి ఏసీ మెకానిక్ యూనిఫాం, మైకు దాచిన స్పానరు, రేడియో దాచిన బూటు ఇచ్చారు. బూటు ఒక సైజు చిన్నది. పెద్దది కావాలంటే ఇండెంట్ పెట్టమన్నారు. గోడ కుంటుకుంటూ నిచ్చెన భుజాన వేసుకుని బేస్‌మెంట్‌కి బయల్దేరాడు. మెట్ల మీద సెంటు ఎదురొచ్చింది. బూడిద రంగు కోటు, ముత్యాల దుద్దులు, చేతిలో ఫైలు. నిచ్చెన తగలకుండా ఒద్దికగా పక్కకు జరిగి పైకి వెళ్లిపోయింది. మెకానిక్కుల ముఖం ఎవరూ చూడరు.

సర్వర్ గది ఇరుకుగా, చల్లగా, ఏకధాటి హోరుతో ఉంది. మాస్టారు ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పినాయన. అరవైకి దగ్గర, స్వెట్టరు, మెడలో వేలాడే కళ్లజోడు. నిచ్చెన ఎక్కి దగ్గుతున్న మెకానిక్కుని ఐదు నిమిషాలు గమనించి, "గోడగారూ, దిగండి. పదకొండేళ్లుగా వింటున్నాను, ఆ దగ్గు మీదే," అన్నాడు.

గోడ దిగాడు.

"నామీద అనుమానమా?"

"అందరి మీదా."

"అది న్యాయమే," అని మాస్టారు స్టూలు ఇటు తోశాడు.

టేబుల్ పక్కన నోటీసు బోర్డుకి ఒక చీటీ గుచ్చి ఉంది. గోడ చదివాడు. 'స్నాప్‌షాట్ తొలగింపు నెమ్మది. ఇదివరకు ఐదు సెకన్లు. ప్రస్తుతం బుధవారాల్లో నలభై నిమిషాలు. కొత్త డిస్కులు ఇప్పించ ప్రార్థన.' కింద ఎర్ర సిరాతో కొనుగోళ్ల విభాగం జవాబు: 'ఓపిక పట్టవలెను.'

"ఎప్పటినుంచి?"

"రెండు వారాలైంది. డిస్కులు ముసలివి కదండీ, నాలాగే."

గోడ మరేమీ అడగకముందే ఫోన్ మోగింది. పదిన్నర దాటి ఇరవై నిమిషాలు. మాస్టారు రిజిస్టర్లో పన్నెండో పేజీ తాళం తీసి, స్పీకర్ నొక్కాడు.

"లాండ్రీ నుంచండీ. తెల్ల దుప్పట్లు ఆరూ రెడీ. దేనికీ మరక లేదు."

"సంతోషం. ఇస్త్రీ?"

"రేపవుతుంది."

ఫోన్ పెట్టేసింది. పందొమ్మిది సెకన్లు. నాలుగేళ్ల తర్వాత గోడ విన్న అక్క గొంతు అది. కాస్త బొంగురుపోయింది, జలుబేమో. ఆ వివరాన్ని అతను రిపోర్టులో రాసుకున్నట్టు మనసులో నోట్ చేసుకున్నాడు, అంతకుమించి ఏమీ జరగలేదు. ఆమె ఏదో వీధి ఫోన్ నుంచి మాట్లాడి వెళ్లిపోయింది. ఇక పన్నెండు వారాల దాకా, ఆకాశం ఊడిపడ్డా ఆమెకి ఒక్క మాట చేరవేసే దారి లేదు.

పదకొండింటికి సర్వర్ తన రోజువారీ పని మొదలుపెట్టింది.

"ఏం చేస్తోంది?" అన్నాడు గోడ.

"బ్యాకప్. రిజిస్టర్ ఉన్న వాల్యూమ్‌కి, అంటే డిస్కుల్లో ఆ భాగానికి, ఒక స్నాప్‌షాట్ తీస్తుంది. ఈ క్షణంలో ఎలా ఉందో అలా ఒక నకలన్నమాట. దాన్ని చూసి బ్యాకప్ రాసుకుంటుంది. అయిపోగానే నకలు చెరిపేస్తుంది. ఆ చెరపడం దగ్గరే ఈ చావు."

పదకొండూ ఎనిమిదికి బ్యాకప్ పూర్తయింది. తొలగింపు మొదలైంది. స్క్రీన్ మీద కర్సర్ మినుకుమంటూ కూర్చుంది. పదకొండూ పదిహేనుకి కూడా అలాగే ఉంది. మాస్టారు అలవాటు ప్రకారం ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు.

గోడ టీ ముట్టలేదు. ర్యాక్ ముందు చతికిలపడి డిస్కుల లైట్లనే చూస్తున్నాడు. కష్టపడే డిస్కు లైటు గింజుకుంటుందని అతనికి తెలుసు. ఇవి ఎప్పుడో ఒకసారి నింపాదిగా మెరిసి ఊరుకుంటున్నాయి.

"మాస్టారూ, డిస్కులు బాగానే ఉన్నాయా?"

"టెస్టులన్నీ పాసయ్యాయి. అదే విచిత్రం. లోడూ లేదు, ఎర్రర్లూ లేవు."

"నెమ్మదిగా నడిచేవాడికీ, వీధి మలుపులో నిలబడినవాడికీ తేడా ఉంటుంది. నా బతుకంతా అది చూడటమే. మీ యంత్రం నెమ్మదిగా చెయ్యడం లేదు. ఎవరికోసమో ఆగి ఉంది."

మాస్టారి చేతిలో కప్పు ఆగింది. ఆయన ముఖంలో రంగు మారడం గోడ చూశాడు.

"చెప్పండి," అన్నాడు.

"తప్పు నాదేనేమో గోడగారూ." మాస్టారు కప్పు కింద పెట్టాడు. "సిస్టమ్‌కి ఓ జబ్బుంది. కొత్త వాల్యూమ్ కనపడితే అదేమిటో అని ఒక్క క్షణం తెరిచి చూస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో తొలగించబోతే, 'వాడకంలో ఉంది, కుదరదు' అని ఎర్రర్ ఇస్తుంది. మళ్లీ చేస్తే అయిపోతుంది. చిన్న సంగతి. కానీ ఈ మెషీన్ మీద ఎర్రర్ వస్తే సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరుగా. ఐదు పేజీల ఫారం, మూడు గంటల విచారణ. మీ ఆవిడ ఏం చేస్తుంది, మీ తోడల్లుడు ఎక్కడుంటాడు... పదకొండుసార్లు కూర్చున్నానండీ ఆ కుర్చీలో. విసుగెత్తి, బ్యాకప్‌ని నడిపే స్క్రిప్టులో రెండు లైన్లు కలిపాను. కుదరకపోతే ఐదు సెకన్లాగి మళ్లీ ప్రయత్నించు, అయ్యేదాకా అంతే. ఎర్రర్ మాత్రం ఎవరికీ చెప్పకు."

దేశంలో ప్రతి నీడనీ అనుమానించే శాఖలో, తలుపు తట్టి తట్టి చెయ్యి నొప్పెడుతున్న యంత్రం నోరు నొక్కేశారు. పైగా అది ఆలస్యం చేస్తోందని కొత్త డిస్కులడిగారు.

"ఆ ఎర్రర్ ఇప్పుడు చూపించండి."

మాస్టారు కీబోర్డు కొట్టాడు. సందేశాలు వరసగా దిగాయి. 'వాడకంలో ఉంది. వాడకంలో ఉంది. వాడకంలో ఉంది.' ఐదు సెకన్లకొకటి. ఇంకో కమాండు కొడితే నకలుని తెరిచి ఉంచినవాళ్ల సంఖ్య వచ్చింది: ఒకటి.

"ఎవరది?"

"నెట్‌వర్క్ మీంచి తెరిచారు. మూడో ఫ్లోరు టెస్ట్ మెషీన్." మాస్టారు కళ్లజోడు ఎగదోసుకున్నాడు. "మొదటి నుంచీ చివరిదాకా చదువుతోంది. కావాలనే మెల్లగా, ఎవరికీ లోడు కనపడకుండా. ఇప్పుడు సగంలో ఉంది. పదకొండూ యాభైకల్లా అయిపోతుంది."

"నకలు తీసినప్పుడు పన్నెండో పేజీ తాళం తీసే ఉంది."

"ఉంది," అన్నాడు మాస్టారు మెల్లగా. "ఆ పేజీ వాల్యూమ్ చిట్టచివర ఉంటుంది. ఇప్పుడు మనం తాళం వేసినా, నకల్లో తెరిచే ఉంటుంది."

"అది మా అక్క పేజీ."

గోడ ఇంటర్‌కం అందుకుని పెద్దాయనకి నాలుగు వాక్యాల్లో సంగతి చెప్పాడు.

"వైరు పీకేస్తాను సార్."

"పీకితే, మనకి తెలిసిపోయిందని వాడికి తెలుస్తుంది. ఆ టెస్ట్ మెషీన్ పాస్‌వర్డ్ మూడో ఫ్లోర్లో పిల్లిక్కూడా తెలుసు. ఎదురుగా ఎవరూ కూర్చోనక్కర్లేదు. దానంతటది చదివేసుకుంటుంది, వాడు తీరిగ్గా వచ్చి తీసుకుంటాడు. అది తెగిందని చూడగానే గేటు దాటేస్తాడు. ఇద్దర్ని చంపించినవాడు చేతులూపుకుంటూ పోతాడు."

"మా అక్క సార్."

"నాకు తెలుసురా." పెద్దాయన అతన్ని 'రా' అనడం అదే మొదటిసారి. "యంత్రం దానంతటది చచ్చినట్టుండాలి, మనిషి చెయ్యి కనపడకూడదు. అలా చంపగలరేమో చూడండి. తొంభై ఎనిమిది శాతం దాటితే పీకి పారెయ్."

గోడ ఫోన్ పెట్టేసి మాస్టారి వైపు తిరిగాడు. "స్నాప్‌షాట్ దానంతటది ఎలా చస్తుంది?"

లెక్కల మాస్టారికి ప్రశ్న వేస్తే ప్రాణం లేచొస్తుంది. ఆయన నిటారుగా కూర్చున్నాడు.

"అది పూర్తి జిరాక్సు కాదండీ. అసల్లో ఏదైనా కాగితం మారబోతే, మారకముందున్న పాత కాగితాన్ని తీసి పక్కన చిన్న బీరువాలో పెట్టుకుంటుంది. మారనివన్నీ అసల్లోంచే చూపిస్తుంది. ఆ బీరువా నిండిందా, ఇక నకలు చెల్లదు. మొత్తం చచ్చినట్టే, ఒక్క అక్షరం చదవనివ్వదు. సర్వర్లన్న ప్రతిచోటా జరిగే మామూలు రోగమే."

"అయితే నింపండి."

"రిజిస్టర్ వాల్యూమ్ మీదికి ఏదైనా పెద్ద ఫైలు కాపీ చెయ్యాలి. ఏముంది మన దగ్గర?" మాస్టారు గబగబా వెతికాడు. "కంపెనీ పరుపుల యాడ్ ఫిల్ము ఉంది. హైక్వాలిటీ."

"వెయ్యండి."

అలా శాఖ చరిత్రలో మొదటిసారి, అతి రహస్యమైన వాల్యూమ్ మీదికి, దూదిపింజల పరుపు మీద ఎగిరెగిరి పడే కుటుంబం వరసగా దిగడం మొదలుపెట్టింది. పాత డిస్కులు గింజుకున్నాయి. ఒక్కొక్క రాతకీ మూడు పనులు మరి: పాతది చదవాలి, బీరువాలో పెట్టాలి, కొత్తది రాయాలి. మాస్టారు స్క్రీన్ మీద రెండు అంకెలు పక్కపక్కన పెట్టాడు. ఎడమ పక్క దొంగ చదివింది, కుడి పక్క బీరువా నిండింది.

అరవై ఒకటి, ఇరవై. డెబ్భై, నలభై ఎనిమిది. డెబ్భై తొమ్మిది, డెబ్భై మూడు.

"అందుకుంటున్నాం," అన్నాడు మాస్టారు.

పదకొండూ నలభై ఒకటికి కుడి అంకె ఎనభై మూడు దగ్గర ఆగిపోయింది.

"ఏమైంది?"

"వాల్యూమ్‌లో ఖాళీ జాగా అయిపోయింది. ఉండండి, యాడ్ ఫిల్ములు చెరిపేసి మళ్లీ వేస్తాను." చెరిపి, మళ్లీ వేశాడు. అంకె కదల్లేదు. మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. "నా బుద్ధి మండా! ఒకసారి మారిన చోటు మళ్లీ మారితే లెక్కలోకి రాదు. ఆ పాత కాగితం బీరువాలోకి వెళ్లిపోయిందిగా. ఇంతవరకూ ముట్టుకోని చోటు రాయాలి."

ఎడమ పక్క ఎనభై ఎనిమిది.

"ముట్టుకోని చోట ఏముంది?"

"మీ రిపోర్టులు. పదకొండేళ్లవి. ఫొటోలు, మ్యాపులు, అన్నీ."

"వాటి మీద రాసెయ్యండి."

"అక్కర్లేదు, అక్కర్లేదు." మాస్టారు వేళ్లు అప్పటికే పరిగెడుతున్నాయి. "బళ్లో పిల్లల చేత దిద్దించేవాణ్ణి. ఉన్న అక్షరం మీదే మళ్లీ అదే అక్షరం. యంత్రానికి దిద్దడానికీ కొత్తగా రాయడానికీ తేడా తెలీదు. ఏది రాసినా మారినట్టే లెక్క. మీ రిపోర్టులు చదివి, చదివింది చదివినట్టు అక్కడే దిద్దేస్తాను."

కుడి అంకె కదిలింది. ఎనభై నాలుగు. ఎడమ తొంభై ఒకటి.

గోడ వంగి నెట్‌వర్క్ వైరు మీద చెయ్యి వేసి ఉంచాడు. పదకొండేళ్ల అతని జీవితం, అక్షరం మీద అక్షరంగా, స్క్రీన్ మీద పేర్లు పేర్లుగా జారిపోతోంది. ఏ ఊళ్లో ఎవరిని కలిసింది, ఎవరిని ఒప్పించింది, ఎవరు మళ్లీ కనపడలేదు. లిఫ్ట్ మెకానిక్కు ఫైలు వెళ్లింది. డాక్టరు ఫైలు వెళ్లింది. సముద్రం ఒడ్డు హోటలు వెళ్లింది. అక్కని ఒప్పించిన రోజు రిపోర్టు కూడా వెళ్లింది. అందులో అతను రాసింది 'సబ్జెక్టు అంగీకరించింది' అని రెండే మాటలు. భయపడాలని అతనికి తెలుసు. చెయ్యి మాత్రం నిబ్బరంగా, ఎవరిదో చెయ్యిలా, వైరు మీద ఉంది.

తొంభై నాలుగు, తొంభై రెండు. తొంభై ఆరు, తొంభై ఆరు.

"తొంభై ఏడు," అన్నాడు మాస్టారు, ఎడమది చూస్తూ. "పీకండి, గోడగారూ. పీకెయ్యండి."

"తొంభై ఎనిమిది అన్నాడు పెద్దాయన."

"మీ అక్కగారండీ!"

"కుడి పక్క ఎంత?"

"తొంభై తొమ్మిది."

గోడ వైరుని వేళ్ల మధ్య బిగించాడు. ఎడమ అంకె తొంభై ఎనిమిదికి మారింది. అదే క్షణంలో కుడి అంకె మాయమై, దాని చోట ఒక చిన్న మాట వచ్చింది: 'చెల్లదు'. ఎడమ అంకె ఇక కదల్లేదు. టైము పదకొండూ నలభై తొమ్మిది.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. గోడ వైరు వదిలేసి, టోపీ పెట్టుకుని, నిచ్చెనెక్కి ఏసీలో తల దూర్చాడు.

"ఇంకా ఏమిటండీ?"

"తోటమాలి వస్తాడు."

"ఎందుకొస్తాడు? ఇది మామూలు రోగమనుకుంటాడుగా."

"మామూలు రోగం కాబట్టే మామూలు మందు అడుగుతాడు."

ఇరవై నిమిషాలు ఎవరూ రాలేదు. ఏసీ చల్లగాలి గోడ ముఖం మీద కొడుతోంది. అది సెంటు కాకూడదని అతను అనుకున్నాడు. అనుకున్నాడు గానీ ఆ కోరికలో వేడి లేదు.

పన్నెండూ పదికి ముందు వాసన వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది.

"మాస్టారూ, బిజీనా?"

"రండమ్మా, రండి." మాస్టారి గొంతు కొంచెం ఎక్కువ మర్యాదగా వచ్చింది.

"ఏం లేదు, ఆడిట్ రూల్స్ తిరగేస్తున్నాను. బ్యాకప్ స్నాప్‌షాట్‌లకి పక్కన ఉంచే జాగా కనీసం ఇరవై శాతం ఉండాలట. మన దగ్గర పదే ఉన్నట్టుంది. కాస్త పెంచేస్తారా? వచ్చే బుధవారంలోపు అయితే బాగుంటుంది. మళ్లీ ఆడిటర్లు మీ మీద పడతారని నా బాధ."

ఆ గదిలో ఆ ఉదయం ఒక బీరువా నిండిపోయిందని ముగ్గురికే తెలియాలి. పెద్దాయన, మాస్టారు, గోడ. నాలుగో మనిషికి తెలిసిందంటే, చదువుతూ ఉండగా నకలు చచ్చిపోవడం కళ్లారా చూసి ఉండాలి.

"అలాగేనమ్మా," అన్నాడు మాస్టారు. ఆయన కళ్లు నిచ్చెన వైపు ఎగబాకాయి.

గోడ మెల్లగా దిగి టోపీ తీశాడు.

సెంటు అరిచి గోల చెయ్యలేదు. ఒక్క నిట్టూర్పు విడిచింది. "బూటు కరుస్తోందా? కుంటుతున్నావు."

"సైజు చిన్నది."

"మెట్ల మీద చూసుండాల్సింది నిన్ను."

"మెకానిక్కుల ముఖం ఎవరూ చూడరు."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి జారి, బంగారు రంగు లిప్‌స్టిక్‌తో బయటికొచ్చింది. గోడ కదల్లేదు.

"అది మన గ్యాడ్జెట్ సెక్షన్ వాళ్ల షాకు కొట్టే లిప్‌స్టిక్కే. బ్యాటరీ అయిపోయి వారమైంది. నువ్వు పెట్టిన ఇండెంట్ ఇంకా పెండింగ్‌లో ఉంది. పొద్దున బూట్ల కోసం వెళ్లినప్పుడు లిస్టులో చూశాను."

ఆమె నొక్కి చూసింది. ఏమీ కాలేదు. నవ్వి, దాన్ని టేబుల్ మీద పెట్టింది. ఆ నవ్వు హోటల్లో నవ్విన నవ్వే. గోడ గుర్తుపట్టాడు, అంతే.

"ఎందుకు?" అని అడిగాడు.

"ఆరేళ్లు రెండు వైపులా అబద్ధాలాడాను. ఎక్కడో ఒకచోట నిజం చెప్పకపోతే పిచ్చెక్కేట్టుంది. వాళ్లు ముందు అడిగారు. మీరెవరూ ఎప్పుడూ అడగలేదు."

"తోటమాలి కబురు నువ్వే తెచ్చావు."

"ఎలాగూ మీరు వెతుకుతారు. వెతికేవాళ్ల పక్కన నిలబడటం కంటే మంచి చోటు ఏముంది?"

"పన్నెండో పేజీ ఎవరిదో తెలుసా?"

"తెలీదు. తెలిసినా చదివేదాన్నే. నీకు అబద్ధం చెప్పను," అంది.

స్పానరులోని మైకు ద్వారా అంతా విన్న పెద్దాయన ఇద్దరు మనుషులతో వచ్చాడు. ఒంటిగంటకి ఆమె ముఠాకి ఎప్పటిలాగే సందేశం పంపాలి. పెద్దాయన దగ్గరుండి పంపించాడు, ఆమె చేత్తోనే. 'స్నాప్‌షాట్ నిండి చెడిపోయింది. వచ్చేవారం.' అబద్ధం ఒక్క అక్షరం లేదు కాబట్టి అవతల ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చే బుధవారం నుంచి పెద్దాయన చెప్పిన పేర్లే ఆమె పంపుతుంది. అవన్నీ ముఠాకి పనిచేసే మనుషుల పేర్లే కావడం కేవలం ఆయన హాస్యప్రియత్వం. ఆమెని తీసుకెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. గోడ స్పానరు తుడుచుకుంటున్నాడు.

గదిలో మళ్లీ హోరు ఒక్కటే మిగిలింది. మాస్టారు చచ్చిన నకలుని తొలగించమని కమాండు కొట్టాడు. ఒక్క సెకను పట్టలేదు. 'తొలగించడమైనది.'

"చూశారా, డిస్కులు నిక్షేపంలా ఉన్నాయి," అన్నాడు మాస్టారు. అని, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఆ రెండు లైన్లు రాయకపోతే మొదటి బుధవారమే ఎర్రర్ కనపడేది. మెకానిక్కు బతికుండేవాడు. డాక్టరుగారు ఈపాటికి ఎవరి పన్నో పీకుతూ ఉండేవారు. నేనే చంపానండీ వాళ్లిద్దర్నీ. మూడు గంటలు కుర్చీలో కూర్చోలేక."

కాదని చెబితే అబద్ధం. అవునంటే అందులో సగమే నిజం. గోడ స్పానరు జేబులో పెట్టుకున్నాడు.

మాస్టారు ఏడవడం మొదలుపెట్టాడు. స్వెట్టరు చేతితో ముఖం కప్పుకుని, చిన్నపిల్లాడిలా వెక్కుతూ, ముక్కు ఎగబీలుస్తూ ఏడుస్తున్నాడు. ఈ సమయానికి అక్క ఎవరి చొక్కాలో ఆరేస్తూ ఉంటుంది. ఏమీ తెలియకుండా, రేపూ ఎల్లుండీ బతికే ఉంటుంది. గోడ తనలో తాను తడుముకున్నాడు. సంతోషం కోసం వెతికాడు, దొరకలేదు. దుఃఖం కోసం వెతికాడు, అదీ లేదు. అన్నిటికీ అడుగున ఒక్కటి తగిలింది, సన్నగా, ముల్లులా. మాస్టార్ని చూస్తే అసూయగా ఉంది. ఇన్నేళ్లలో అతనికి కలిగిన మొట్టమొదటి భావం అది.

కరుస్తున్న బూటు విప్పి పక్కన పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని మాస్టారి పక్కన కూర్చున్నాడు.

"ఏడవండి మాస్టారూ," అన్నాడు. "తొందరేం లేదు. వీలైతే నా వంతు కూడా కలిపి కానిచ్చెయ్యండి."